పై డెక్కు బరువు

సెప్టెంబర్ 3, బుధవారం

గ్లెన్ ఇవాళ నా నెత్తిన ఓ లెక్చర్ పెట్టాడు. అక్టోబర్ 16న ఓడల ఇంజనీర్ల సంఘం సాయంకాలం మీటింగులో తను మాట్లాడాలట. టాపిక్ రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ డిస్ట్రాయర్ల డిజైన్. ఆ వారం తనకు పెర్త్‌లో పని పడింది కాబట్టి నేను చెయ్యాలట. నువ్వు ఏదైనా లోతుగా చదువుతావు హరిప్రియా, అన్నాడు. ఈ ఆఫీసులో పదకొండేళ్ళుగా చూస్తున్నాను. బాసు మెచ్చుకున్న ప్రతిసారీ నాకు ఒక వీకెండ్ పోతుంది.

వద్దనలేకపోయాను. అలసిపోయినవాళ్ళకు వద్దనడం కూడా ఒక పనే.

సెప్టెంబర్ 7, ఆదివారం

ఇక్కడ మెల్బోర్న్‌లో ఇవాళ ఫాదర్స్ డే. అమ్ములు వాళ్ళ నాన్నకు టోస్ట్ మాడ్చి పెట్టింది. రాధాకృష్ణ మొత్తం తిన్నాడు. నేను డిస్ట్రాయర్లు ముందేసుకు కూర్చున్నాను.

డిస్ట్రాయర్ అంటే సన్నగా, పొడుగ్గా, వేగంగా పోయే యుద్ధనౌక. పెద్ద ఓడల చుట్టూ కాపలా తిరిగేది. 1930ల్లో దేశాలన్నీ కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి, మామూలు డిస్ట్రాయర్ పదిహేను వందల టన్నులు దాటకూడదని. తుపాకులవాళ్ళకు ఇంకో తుపాకీ కావాలి. టార్పెడోలవాళ్ళకు ఇంకో గొట్టం కావాలి. ఇంజన్లవాళ్ళకు గంటకు ఇంకో రెండు నాటికల్ మైళ్ళ స్పీడు కావాలి. టన్నులు మాత్రం అవే. ఆ డిజైనర్ల మీద నాకు జాలేసింది. ఎనభై తొంభై ఏళ్ళ కిందటివాళ్ళు, మా మీటింగుల్లో కూర్చున్నట్టే ఉన్నారు.

నా పని కూడా అదే కదా. ఓడలో ఏది ఎంత బరువుంది, ఆ బరువు ఎంత ఎత్తున ఉంది అని రాసుకుంటూ పోవడం. బరువు కింద ఉంటే ఓడ పక్కకు ఒరిగినా లేస్తుంది. పైకి పోయిన కొద్దీ లేవడం బద్ధకిస్తుంది.

సెప్టెంబర్ 14, ఆదివారం

ఈ సంగతి లెక్చర్‌లో తప్పకుండా చెప్పాలి. 1939లో అమెరికావాళ్ళు కొత్త రకం డిస్ట్రాయర్ ఒకటి కట్టి నీళ్ళలో వేశారు. పరీక్ష చేస్తే అనుకున్నదానికంటే చాలా బరువు. ఆ బరువంతా పైనే. ఎలా జరిగిందని ఆరా తీశారు. ఇంజన్లు చూసే ఆఫీసు ఒకటి, ఓడ ఒళ్ళు చూసే ఆఫీసు ఒకటి. ఇంజన్లవాళ్ళు తమ బరువు తక్కువగా చెప్పారు. ఒళ్ళు చూసేవాళ్ళకు దాన్ని ప్రశ్నించే అధికారం లేదు. ఎవరి కాగితం వాళ్ళకు బాగానే ఉంది. మరుసటి ఏడాది రెండు ఆఫీసులనూ కలిపి ఒకటి చేశారు.

ఏం పరీక్ష అని అమ్ములు అడిగింది. వంపు పరీక్ష అన్నాను. తెలిసిన బరువును డెక్కు మీద ఈ పక్క నుంచి ఆ పక్కకు జరుపుతాం. ఓడ కాస్త ఒరుగుతుంది. తీగకు గుండు కట్టి వేలాడదీస్తే ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో తెలుస్తుంది. దాన్నిబట్టి ఓడ బరువు ఎంత ఎత్తున ఉందో లెక్క కట్టొచ్చు. కాగితాలు ఎన్నయినా చెప్పనీ, ఓడను అడిగేది ఇదొక్కటే పద్ధతి. So you push it and see if it's okay, అంది. అంతే తల్లీ అన్నాను.

సెప్టెంబర్ 27, శనివారం

మంగతాయారు ఆంటీ ఫోన్. మా వెస్ట్ సైడు తెలుగువాళ్ళ సంఘానికి ఆవిడే అన్నీ. పాయింట్ కుక్‌లో పెళ్ళయినా, సీమంతమైనా ఆవిడ చేతి పులిహోర లేకుండా జరగదు. నవంబర్ 16న కార్తీక వనభోజనాలు ఈసారి బోటులో అట. నేను ఆగస్టులో ఇచ్చిన నంబరుకే ఫోన్ చేసి, బోట్లు అద్దెకిచ్చే ట్రేసీ దగ్గర బుక్ చేసేసిందట. ఆ అమ్మాయి నీ పేరు చెప్పగానే ఎంత మర్యాదగా మాట్లాడిందే, అంటుంది. తొంభై నాలుగు మందిమి. వెస్టర్న్‌పోర్ట్ అఖాతం లోంచి ద్వీపానికి పోవడం, అక్కడ చెట్ల కింద భోజనాలు, తిరిగొచ్చేటప్పుడు చీకటి పడుతుండగా నీళ్ళలో దీపాలు వదలడం.

ట్రేసీకి రెండు బోట్లున్నాయి. మొదటిదానికి నాలుగేళ్ళ కిందట వంపు పరీక్ష నేనే చేశాను. రెండోది దాని జంట, అదే డ్రాయింగుల మీద కట్టింది. కాకపోతే పై డెక్కు మీద నీడకు టెంటు, దాని మీద సోలార్ ప్యానెల్స్, ఓ బార్ కౌంటరు కలిపారు. జంట బోటుకు బరువులో తేడా రెండు శాతం లోపు ఉంటే మళ్ళీ పరీక్ష అక్కర్లేదని రూలు. నా లెక్కలో 1.8 వచ్చింది. మార్చిలో లెటర్ రాసి సంతకం పెట్టాను. ఏప్రిల్ నుంచి తిరుగుతోంది.

ఆంటీ బుక్ చేసింది రెండోదాన్ని. పై డెక్కు మీద నుంచి వ్యూ బాగుంటుందని.

అక్టోబర్ 5, ఆదివారం

గడియారం గంట ముందుకు జరిపారు. ఉన్న నిద్రలో గంట పోయింది.

యుద్ధం మొదలవుతూనే ఒప్పందాలు గాలికి పోయాయి. అప్పుడు వచ్చిన డిజైన్ ఫ్లెచర్ క్లాస్. రెండు వేల టన్నులు పైమాటే. నూట డెబ్బై అయిదు కట్టారు. మంచి ఓడ, నాకు నిజంగా నచ్చింది. డెక్కు ముందు నుంచి వెనక దాకా ఒకే పలకగా పోతుంది, ఒంట్లో బలం ఉంటుంది. కానీ యార్డుకొచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి ఎక్కించారు. ఆకాశం నుంచి విమానాలొస్తున్నాయని తుపాకులు. రాడార్. రాడార్ చూడ్డానికి మనుషులు. ఒక్కొక్కటీ చిన్నదే, ఒక్కొక్కటీ అవసరమే. చివరికి టార్పెడో గొట్టాలు కొన్ని పీకి తుపాకులకు చోటివ్వాల్సొచ్చింది.

అడిగినవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు. అందరికీ ప్రాణాలు కాపాడాలనే ఉంది. నాకు ఈ భాగం చదువుతుంటే ఎందుకో నీరసమొచ్చింది.

అక్టోబర్ 9, గురువారం

వెస్ట్ గేట్ బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో గంటా నలభై నిమిషాలు. ఇంకేం రాయను.

అక్టోబర్ 12, ఆదివారం

1944 డిసెంబర్. పసిఫిక్‌లో తుపాను. మూడు డిస్ట్రాయర్లు తిరగబడి మునిగిపోయాయి. ఏడు వందల మందికి పైగా పోయారు. మూడింట్లో రెండు పాత రకంవి, తొమ్మిదేళ్ళు బాగానే తిరిగినవి. ఒకటి ఫ్లెచర్.

ఆ ఫ్లెచర్‌లో నూనె అయిపోవచ్చింది. నూనె ట్యాంకులు ఖాళీ అయితే కింద బరువు ఉండదు, సముద్రపు నీళ్ళు నింపుకోవాలి. నింపితే మళ్ళీ నూనె పోసే ముందు ఆ నీళ్ళన్నీ తోడాలి, ఆలస్యం. పొద్దున నూనె పోస్తారు కదా అని ఖాళీగా ఉంచుకున్నారు. సముద్రం పొద్దున నూనె పోయనివ్వలేదు.

లెక్చర్‌లో ఈ స్లైడ్ మీద ఏం మాట్లాడాలో తెలీడం లేదు. అంకెలు మాత్రం పెట్టాను.

అక్టోబర్ 16, గురువారం

అయిపోయింది. ముప్పై మంది వచ్చారు, శాండ్‌విచ్‌లు బాగున్నాయి.

చివర్లో ఒక పెద్దాయన లేచాడు. తొంభైకి దగ్గరుంటాడు, ఎప్పుడో విలియమ్స్‌టౌన్ యార్డులో డ్రాయింగులు గీసేవాడట. ఆ రెండు ఆఫీసుల కథ బాగుందమ్మాయ్, ఇప్పుడు మీ దగ్గర మొత్తం ఎవరు కూడతారు, అని అడిగాడు. వెయిట్ ఇంజనీర్ కూడతారండీ, మా ఆఫీసులో అది నేనే, అన్నాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. నీకు చెప్పినవి నువ్వు కూడతావు, నీకు చెప్పనివి ఎవరు కూడతారు, అన్నాడు.

ఏదో సమాధానం చెప్పాను. చప్పట్లు కొట్టారు.

అక్టోబర్ 17, శుక్రవారం, మధ్యాహ్నం 1.10

కార్లో కూర్చుని రాస్తున్నాను. లంచ్ తినలేదు.

పొద్దున ట్రేసీ రెండో బోటు బరువుల షీటు తీశాను. సోలార్ కంపెనీ రాసిచ్చింది: ప్యానెల్స్, వైర్లు, బ్యాటరీలు. టెంటువాళ్ళు రాసిచ్చింది: గుడ్డ, తాళ్ళు, బిగింపులు. తర్వాత ట్రేసీ వెబ్‌సైట్‌లో ఫొటోలు చూశాను. ప్యానెల్స్ కూర్చున్నది ఒక ఫ్రేము మీద. స్టీలు ఫ్రేము. పై డెక్కు మొత్తం పందిరేసినట్టు ఉంది.

ఆ ఫ్రేము నా షీటులో లేదు.

సోలార్‌వాళ్ళకు ఫోన్ చేశాను. ఫ్రేము టెంటువాళ్ళది కదా అన్నారు. టెంటువాళ్ళకు చేశాను. అది సోలార్‌వాళ్ళ కింద వస్తుంది కదా అన్నారు. ఇద్దరూ చాలా మర్యాదగా చెప్పారు. ఇద్దరు చెప్పిందీ కూడింది నేను. మార్చిలో బోటు చూడ్డానికి పోలేదు, అమ్ములుకు జ్వరం. మొన్నటిదాకా ఏడు వందల మంది పోయిన ఓడల గురించి తప్పెన్నుతూ స్లైడ్లు చేసుకున్నాను.

ఫొటోలో పైపులు కొలిచి చూస్తే రెండు టన్నులు తేలింది. బోటు మొత్తం నలభై తొమ్మిది. ఫ్రేము ఒక్కటే నాలుగు శాతం.

అక్టోబర్ 20, సోమవారం

దీపావళి. చెప్పలేదు. ఎవరికీ.

అక్టోబర్ 22, బుధవారం

కార్తీకం వచ్చింది. మంగతాయారు ఆంటీ సంఘం వాట్సాప్ గ్రూపులో ప్రోగ్రాం పెట్టింది. సాయంత్రం తిరుగు ప్రయాణంలో కింద డెక్కు నుంచి నలుగురు ముత్తయిదువలు దీపాలు వదులుతారట. మిగతా అందరూ పై డెక్కు మీద ఎడమ పక్కన నిలబడి చూడాలి, వీడియో అటు నుంచే తీస్తారు. పిల్లలు ముందు వరసలో. మెసేజ్ చివర చేతులు జోడించిన బొమ్మలు నాలుగు.

తొంభై మంది. పైన. ఒకే పక్కన.

పై డెక్కు మీద అరవై మందికి మించకూడదని నా లెటర్‌లోనే ఉంది. తొంభై మంది తెలుగువాళ్ళు దీపాలు చూడ్డానికి పైకి ఎక్కుతుంటే ఏ కెప్టెన్ ఆపగలడు? నన్నే ఆపలేరు.

అక్టోబర్ 24, శుక్రవారం

గ్లెన్‌కు చెప్పాను. వారం పట్టింది నాకు. పొద్దున నూనె వస్తుందని కూర్చున్నవాళ్ళను నేనేమీ అనలేను ఇక.

అతను అరవలేదు. అరిస్తే బాగుండేది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఏప్రిల్ నుంచి తిరుగుతోంది కదా, ఏమైనా అయిందా, అన్నాడు. ఆ రెండు పాత డిస్ట్రాయర్లు తొమ్మిదేళ్ళు తిరిగాయి గ్లెన్, అన్నాను. నీకు లెక్చర్ ఇవ్వకుండా ఉండాల్సింది అన్నాడు. తర్వాత, లెటర్ వెనక్కి తీసుకుంటే తప్పు మనదేనని రాసిచ్చినట్టు, ముందు ఫ్రేము బరువు కనుక్కుని ఒక సవరణ పంపిద్దాం, తొందరేముంది, అన్నాడు.

తొందర నవంబర్ 16. ఆ మాట అన్నాను. నా కూతురు ముందు వరసలో ఉంటుందని కూడా అన్నాను. అన్నందుకు సిగ్గేసింది.

వంపు పరీక్ష చేస్తాను, నా తప్పు నేనే తేలుస్తాను, అన్నాను. బోటు యజమాని ఒప్పుకుంటే చేసుకో అన్నాడు.

అక్టోబర్ 25, శనివారం

రాధాకృష్ణకు చెప్పాను. అతను చాలాసేపు అంట్లు కడిగాడు. ఆ తర్వాత, ఉద్యోగం పోతుందా అని అడిగాడు. తెలీదన్నాను. మునిగేదా నిజంగా, అని అడిగాడు. అదీ తెలీదన్నాను. గాలి లేకపోతే బాగా ఒరిగి ఆగేదేమో. ఆంటీ గిన్నెలు జారి, జనం అరిచి, అందరూ ఒక్కసారిగా ఇటు పరిగెత్తితే ఏమయ్యేదో నా దగ్గర లెక్క లేదు. మరి ఆపెయ్యి, అన్నాడు.

అక్టోబర్ 28, మంగళవారం

ట్రేసీ ససేమిరా అంది. సీజన్ మొదలవుతోంది, పరీక్షకు పోర్టు నుంచి తూకపు దిమ్మలు తెప్పించాలంటే మూడు వారాలు పడుతుంది, మార్చిలో అక్కర్లేదని రాసిచ్చింది నువ్వే కదా, అంది. అవును నేనే, అన్నాను. వెనకాల వాళ్ళ కుక్క మొరుగుతోంది.

గుర్రప్పందేల కప్ డే పొద్దున ఆరింటికి, గాలి లేవకముందు, రెండు గంటలు ఇవ్వు చాలు, దిమ్మలు నేను తెచ్చుకుంటాను, అన్నాను. ఎక్కణ్ణుంచి తెస్తావని అడిగింది. తెస్తానన్నాను.

అప్పటికి నాకూ తెలీదు.

అక్టోబర్ 30, గురువారం

టార్నీట్‌లో కేశవరావుగారి ఇండియన్ షాపుకు కందిపప్పుకు వెళ్ళాను. తలుపు పక్కన సోనా మసూరి సంచులు నడుం ఎత్తున పేర్చి ఉన్నాయి. ఇరవై కిలోలవి. అక్కడే నిలబడిపోయాను.

వంపు పరీక్షకు బరువు ఏదైనా ఒకటే. తెలిసుండాలి, జరపగలగాలి. ముప్పై సంచులు ఆరు వందల కిలోలు. సరిపోతుంది.

కేశవరావుగారు మొత్తం విన్నారు. విని, సంచులు తడిస్తే ఊరుకోనమ్మా అన్నారు. తర్వాత, నేనూ వస్తాను, నాకు బోట్లంటే ఇష్టం, అన్నారు. ఎనభై దాటిన పాత వ్యాను లాంటి మనిషి, మోకాళ్ళు రెండూ మార్పించుకున్నారు.

నవంబర్ 3, సోమవారం

షాపు వెనక గోడౌనులో ముప్పై సంచులూ తూచాం. సంచి మీద రాసింది ఒకటి, లోపలున్నది ఒకటి. ఒకటి 19.7, ఒకటి 20.4. ప్రతి సంచి మీదా సుద్దతో నంబరూ బరువూ రాశాను. రాసిచ్చినదాన్ని నమ్మి కూడే ఓపిక నాకిక లేదు.

నవంబర్ 4, మంగళవారం, పొద్దున 10.30

జెట్టీ దగ్గర బెంచీ మీద రాస్తున్నాను. మెల్బోర్న్ అంతా గుర్రప్పందేల కోసం టోపీలు సర్దుకుంటోంది.

గాలి లేదు. నీళ్ళు నూనెలా ఉన్నాయి. ట్యాంకులు నిండా ఉన్నాయా అని నేనే మూతలు తీసి చూశాను. బోటులో అయిదుగురమే, నేను చెప్పినచోట కదలకుండా నిలబడాలి. కేబిన్‌లో రెండు మీటర్ల తీగకు గుండు కట్టి, ఊగకుండా కింద నూనె బకెట్లో ముంచాను. గుండు దగ్గర స్కేలు పట్టుకుని రాధాకృష్ణ. సంచులు మోసింది ట్రేసీ అల్లుడు, నేను. కేశవరావుగారు కుర్చీలో కూర్చుని నంబర్లు చదివారు. ఒకటి. రెండు. మూడు. ఎడమ నుంచి కుడికి, నాలుగు మీటర్లు.

నా మార్చి లెటర్ నిజమైతే గుండు అరవై ఒక్క మిల్లీమీటర్లు జరగాలి. అంతకంటే ఎక్కువ జరిగితే బరువు నేననుకున్నదానికంటే పైన ఉన్నట్టు.

డెబ్బై నాలుగు అన్నాడు రాధాకృష్ణ. మళ్ళీ చూడమన్నాను. డెబ్బై నాలుగే, ప్రియా, అన్నాడు. అంత మెత్తగా ఈ మధ్య ఎప్పుడూ మాట్లాడలేదు. సంచులు వెనక్కి జరిపి అటు పక్కకు కూడా చేశాం. డెబ్బై అయిదు.

ఫ్రేము ఒక్కదానితో అంత రాదు. ఇంకా ఏవో ఉన్నాయి, ఎవరూ చెప్పనివి. బార్ కౌంటరు మీద ట్రేసీ తర్వాత రాయి పలక వేయించిందట. ఐస్ మెషిన్ పెట్టిందట. అడగలేదు కదా, అంది. ఆమె మొహం చూస్తే నా మొహం చూసుకున్నట్టే ఉంది. ఈ ఏడు నెలల్లో ఎంతమంది ఎక్కారో ఆమె మనసులో లెక్కేసుకుంటోందని తెలుస్తోంది. నేనూ అదే వేసుకుంటున్నాను.

గెలిచినట్టు లేదు. సంచులు మళ్ళీ వ్యానులోకి మోయాలి.

నవంబర్ 5, బుధవారం

లెటర్ వెనక్కి తీసుకున్నాను. నా పేరుతోనే. మార్చి 19న నేను ఇచ్చిన లెక్క తప్పు, బోటును నేను స్వయంగా చూడలేదు, అని మొదటి వాక్యం. గ్లెన్ రెండుసార్లు ఆ వాక్యం తీసెయ్యమన్నాడు. తియ్యలేదు. అతనూ మూడోసారి అడగలేదు.

నవంబర్ 7, శుక్రవారం

బోట్ల భద్రత చూసే అథారిటీవాళ్ళు బోటు ఆపేశారు. ఫ్రేము, రాయి పలక తీసి మళ్ళీ పరీక్షించేదాకా జెట్టీ దాటదు. మొదటి బోటు ఆ రోజుకు వేరేవాళ్ళు తీసుకున్నారు. ఇకనుంచి నా లెటర్లన్నీ ఇంకొకరు చూసి సంతకం పెడతారట, కొన్నాళ్ళు. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళని అడగలేదు.

మంగతాయారు ఆంటీకి ఫోన్ చేసి బోటు లేదని చెప్పాను. కారణం కూడా చెప్పాను, తప్పు నాదేనని. ఆవిడ చాలా మాటలంది. అందరికీ చెప్పేశాను కదే, ఇప్పుడు నా తల ఎక్కడ పెట్టుకోను, నువ్వు చేసే పని సరిగ్గా చేస్తే మాకీ ఖర్మ పట్టునా, అంది. లేదండీ, పట్టదు, అన్నాను. ఫోన్ పెట్టేసింది.

గ్రూపులో ఎవరో, ముందే చూసుకోవాలి కదా, అని పెట్టారు. పదకొండు మంది దానికి బొటనవేలు పెట్టారు. రాధాకృష్ణ నా ఫోన్ తీసుకుని ఫ్రిజ్ మీద పెట్టాడు.

నవంబర్ 12, బుధవారం

జెట్టీ దగ్గర ఫ్రేము విప్పి తూచారట. ట్రేసీ మెసేజ్ చేసింది, ఒక్క అంకె. 2,160 కిలోలు. థాంక్స్ లేదు, తిట్టు లేదు.

నా షీటులో కొత్త వరస కలిపి ఆ అంకె వేశాను. ఎనిమిది నెలలు ఆలస్యంగా.

నవంబర్ 16, ఆదివారం

పాయింట్ కుక్ కోస్టల్ పార్క్‌లో వనభోజనాలు. ఉసిరి చెట్టు లేదు, గమ్ ట్రీ కింద ఫ్రోజెన్ ఉసిరికాయలు పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. బియ్యం కేశవరావుగారు ఇచ్చారు. పదిహేడో నంబరు సంచి, 20.1, నా సుద్ద గీత ఇంకా పోలేదు. మంగతాయారు ఆంటీ నాతో మాట్లాడలేదు. పులిహోర మాత్రం రెండుసార్లు వడ్డించింది.

చీకటి పడుతుంటే ఒడ్డు నుంచి నీళ్ళలోకి దీపాలు వదిలారు. అందరూ ఒకే పక్కకు పరిగెత్తారు, పిల్లలు ముందు వరసలో. నేను వెనక నిలబడి లెక్కపెట్టాను. తొంభై నాలుగు.

నేల కదల్లేదు.